పడవ సొంతం, చోటు పరాయిది

2022 జూన్‌లో కైరోలోని కిట్ కాట్ ప్రాంతంలో, నైలు ఒడ్డున కట్టి ఉన్న సుమారు 30 హౌస్‌బోట్లను తొలగిస్తున్నట్టు అధికారులు నోటీసులిచ్చారు. గడువు రోజుల్లోనే ఉంది. జూలై మొదటి వారానికల్లా చాలా పడవల తాళ్లు విప్పి లాక్కెళ్లిపోయారు. వాటిలో దశాబ్దాలుగా కాపురం ఉన్నవాళ్లున్నారు, వయసు మళ్లినవాళ్లున్నారు. లైసెన్సు లేకుండా నదిని ఆక్రమించారని ప్రభుత్వం అంది. లైసెన్సు కోసం తిరుగుతూనే ఉన్నాం, ఇవ్వడం మానేసింది మీరే కదా అని అక్కడివాళ్లు అన్నారు. కాపురానికి పనికిరాదన్న ఆ ఒడ్డున వ్యాపారానికైతే వీలుంటుందన్న మాట వాళ్లను మరీ బాధపెట్టింది.

కైరోలో రెండు వారాల్లో జరిగిందే ఇంగ్లండ్‌లోని లండన్, ఆక్స్‌ఫర్డ్, అమెరికాలోని సియాటిల్, సాసలీటో లాంటి చోట్ల ఏళ్ల తరబడి నెమ్మదిగా జరుగుతూ వచ్చింది. నది ఒడ్డు విలువ పెరుగుతుంది, ఎవరో ఒకరు ఆ రేవును కొత్తగా కట్టాలనుకుంటారు, అక్కడున్న పడవలు అడ్డొస్తాయి. ఈ గొడవలన్నిటికీ మూలం ఒక్కటే. హౌస్‌బోటు మనిషికి పడవ సొంతం, అది నిలిచే చోటు మాత్రం పరాయివాళ్లది. పడవను శాశ్వతంగా కట్టి ఉంచే ఆ చోటునే మూరింగ్ అంటారు. పేరుకు ఒక చోటే అయినా దాని వెనక చాలామంది ఉంటారు. నీటి అడుగున ఉన్న నేల ఒకరిది. ఒడ్డు మీది నుంచి పడవలోకి నడిచే దారి ఇంకొకరిది. తేలే వంతెనలు, కరెంటు, నీళ్ల పైపులు రేవు కంపెనీవి. నీటి మీద రాకపోకలను నియంత్రించే సంస్థ వేరే. ఉదాహరణకు లండన్‌లో సముద్రపు ఆటుపోట్లు ఉన్నంత మేర, అంటే దాదాపు 153 కిలోమీటర్ల థేమ్స్ మీద పోర్ట్ ఆఫ్ లండన్ అథారిటీకి అధికారం ఉంది. నదీగర్భంలో చాలా భాగం కూడా దానిదే. నీళ్లలో గుంజ పాతాలన్నా, పాంటూన్ అనే తేలే వేదిక వేయాలన్నా 1968 నాటి చట్టం కింద దాని లైసెన్సు కావాలి, దానికి రుసుము కట్టాలి. ఆ రుసుము చివరికి పడవలో ఉండేవాళ్ల అద్దెలోనే కలుస్తుంది. వీళ్లలో ఏ ఒక్కరు కాదన్నా పడవకు నిలువ నీడ ఉండదు.

ఒకప్పుడు ఈ చోట్లు ఎవరికీ అక్కర్లేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇంగ్లండ్‌లో సైనికులను ఒడ్డుకు దించే, ఇక సైన్యానికి పనికిరాని ల్యాండింగ్ క్రాఫ్ట్‌లు, సరుకులు మోసి మోసి రిటైరైన బార్జ్‌లు చవకగా దొరికేవి. ఇళ్లకు కరువు. నది మురికి కంపు. 1957లో అక్కడి నేచురల్ హిస్టరీ మ్యూజియం లండన్ దగ్గర థేమ్స్‌ను జీవం లేని నదిగా తేల్చింది. అలాంటి నీళ్ల మీద ఉంటామని వచ్చినవాళ్లను ఎవరు వద్దంటారు? తర్వాత ఓడరేవులు కిందికి, సముద్రం వైపు జరిగిపోయాయి. 1968లో లండన్ ఓడరేవుల్లో ఒకటైన సెయింట్ కాథరిన్ డాక్స్ మూతపడింది, మిగతావి 1980ల మొదటికల్లా ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. గిడ్డంగులు ఖాళీ అయ్యాయి. ఖాళీ గట్ల పక్కన పడవలు చేరాయి. ఆ పాడుబడ్డ ఒడ్డున మొదట దీపం పెట్టింది వీళ్లే. ఆ తర్వాత నది శుభ్రపడింది, గిడ్డంగులు ఖరీదైన ఫ్లాట్లయ్యాయి, నీళ్లు కనిపించే కిటికీకి ధర వచ్చింది. అక్కడి నుంచి ఏరు దాటి తెప్ప తగలేసిన కథే నడిచింది.

చట్టం వీళ్లకు ఎందుకు అండగా నిలవలేదో అర్థం కావాలంటే ఒక ఇంగ్లిష్ కేసు చూడాలి. లండన్‌లోని చెల్సీలో, చేన్ వాక్ పక్కన థేమ్స్ మీద, డింటీ మూర్ అనే హౌస్‌బోటును ఒకాయన అద్దెకు తీసుకుని ఉన్నాడు. ఖాళీ చేయమంటే, ఇది నా ఇల్లు, అద్దెదారు హక్కులు నాకూ ఉన్నాయన్నాడు. కింది కోర్టు ఒప్పుకుంది. 2000లో అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. పాటు వచ్చి నీళ్లు తగ్గినప్పుడల్లా పడవ బురద మీద కూర్చుంటుంది, పోటుకు లేస్తుంది. తాళ్లతో కట్టారు, కరెంటూ నీళ్లూ పైపులతో ఇచ్చారు. ఇవన్నీ సులువుగా విప్పేసేవే కాబట్టి అది నేలలో భాగం కాదు, ఒక వస్తువు మాత్రమేనని కోర్టు తేల్చింది. అద్దెదారుకు రక్షణ ఇచ్చే 1988 హౌసింగ్ చట్టం ఇళ్లకే వర్తిస్తుంది. మనిషి అందులో వండుకున్నా, నిద్రపోయినా, ఎన్నేళ్లు బతికినా లెక్క మారదు. 2011లో ఐల్ ఆఫ్ వైట్‌లోని బెంబ్రిడ్జ్ రేవు కేసు ఇంకా ముందుకు వెళ్లింది. అక్కడి రెండు పడవలు తేలడం ఎప్పుడో మానేసి చెక్క వేదికల మీద కూర్చున్నాయి. కదిలిస్తే విరిగిపోయే స్థితి. అయినా వాటిని మొదట అక్కడ పెట్టిన రోజున కదిలించే వీలుంది కదా, కాబట్టి అవి వస్తువులే అంది కోర్టు. న్యాయసూత్రం ప్రకారం ఈ తీర్పులు పొరపాటు కాకపోవచ్చు. న్యాయమూర్తులు ఉన్న చట్టాన్ని చదివారు. లోపం చట్టంలో ఉంది. 1983 నాటి మొబైల్ హోమ్స్ చట్టం చక్రాల ఇళ్లలో ఉండేవాళ్లకు వాళ్లు నిలిచే స్థలం మీద కొంత భద్రత ఇచ్చింది. నీళ్ల మీద ఉండేవాళ్లను అందులో చేర్చలేదు. ఒడ్డు మీది అద్దెదారుకు ఉన్న హక్కు లేదు, పార్కులోని కారవాన్‌కు ఉన్న హక్కూ లేదు. హౌస్‌బోటు మనిషి రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు.

నెదర్లాండ్స్‌లోనూ ఈ ప్రశ్న తేలిగ్గా తెగలేదు. 2010లో అక్కడి సుప్రీంకోర్టు హౌస్‌బోటు తేలుతుంది కాబట్టి చరాస్తి అంది. నాలుగేళ్లకే, 2014లో, పాలనా వ్యవహారాల అత్యున్నత న్యాయస్థానం హౌస్‌బోటు నిర్మాణ నిబంధనల దృష్టిలో భవనం అంది. అంటే ఆస్తి చట్టానికి కదిలేది, కట్టడాల చట్టానికి కదలనిది. దాంతో వేలాది కుటుంబాలు రాత్రికి రాత్రి అనుమతి లేని భవనంలో ఉన్నట్టయింది. కానీ అక్కడి ప్రభుత్వం చేసిన పని గమనించదగ్గది. 2018 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంతో, అప్పటికే అనుమతితో ఉన్న పడవలకు నిర్మాణ అనుమతి దానంతటదే ఉన్నట్టు గుర్తించారు. పేరేదైనా, లోపలున్నవాళ్లు రోడ్డున పడకూడదని ముందే అనుకున్నారు. కోర్టులో మాటల అర్థం తేలేదాకా ఆగకుండా మనుషుల సంగతి చట్టసభ చూడగలదనడానికి ఇది మంచి ఉదాహరణ.

వివాదం రాగానే బయటివాళ్ల నుంచి వచ్చే మొదటి మాట ఒకటుంది. పడవే కదా, ఇంకో చోటికి పోవచ్చు కదా! ఈ మాటకు జవాబు చెప్పకుండా ముందుకు పోలేం, ఎందుకంటే కోర్టు తీర్పుల వెనకున్న ఊహ కూడా ఇదే. నిజానికి చాలా హౌస్‌బోట్లకు ఇంజను ఉండదు. ఉన్నా ఏళ్ల తరబడి తిప్పి ఉండరు. కదిలించాలంటే లాక్కెళ్లే టగ్ పడవ కావాలి, ఇన్సూరెన్స్ కావాలి, సరైన పోటు కోసం ఆగాలి. పాత డచ్ బార్జ్ 20 నుంచి 38 మీటర్ల పొడవుంటుంది. ఆ పొడవుకు సరిపడే మూరింగ్ నగరంలో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉంటాయి, అవీ నిండి ఉంటాయి. లోతు చాలదు, లేదా పైన గది ఎత్తు ఎక్కువై వంతెన కింద దూరదు. మధ్య లండన్‌లో పెద్ద పోట్లప్పుడు నీటిమట్టం 7 మీటర్ల దాకా లేచి దిగుతుంది. రోజుకు రెండుసార్లు నేల మీద కూర్చుని లేచేలా చేసిన పడవ అడుగు ఒకటి, ఎప్పుడూ తేలుతూ ఉండేలా చేసిన అడుగు మరొకటి. ఒకదాని చోట రెండోది పెడితే ప్రమాదమే. నదిలో ఎక్కడో ఒకచోట లంగరు వేసుకుని ఉందామన్నా కుదరదు. ఇంగ్లిష్ చట్టంలో నదిలో ప్రయాణించే హక్కు ప్రజలకుంది, దారిలో కాసేపు ఆగవచ్చు కూడా. అక్కడే ఉండిపోయే హక్కు అందులో లేదు. కాలువల్లో శాశ్వత మూరింగ్ లేనివాళ్లు 1995 చట్టం ప్రకారం ఒక చోట 14 రోజులకు మించి ఉండకుండా తిరుగుతూనే ఉండాలి. బడికి వెళ్లే పిల్లలున్నవాళ్లు, ఆసుపత్రి దగ్గర్లో ఉండాల్సినవాళ్లు అలా ఎన్నాళ్లు తిరుగుతారు?

డబ్బు లెక్క కూడా ఇక్కడే ముడిపడి ఉంది. మంచి చోట ఉన్న పడవను కొనేవాళ్లు ఇనుముకు, చెక్కకు ఇచ్చే ధర తక్కువ, ఆ చోటుకు ఇచ్చేది ఎక్కువ. అదే పడవను మూరింగ్ లేకుండా అమ్మకానికి పెడితే ధర పడిపోతుంది. బ్యాంకులు ఇంటికిచ్చే రుణం దీనికివ్వవు. పడవల కోసమే ఉన్న రుణాలకు వడ్డీ ఎక్కువ, గడువు తక్కువ, చోటు ఖాయమన్న కాగితం కూడా అడుగుతారు. ఆ కాగితమేమో తరచుగా ఏడాది లైసెన్సు. కాబట్టి లైసెన్సు పొడిగించబోమని ఒక్క ఉత్తరం వస్తే పోయేది అద్దె చోటు ఒక్కటే కాదు, జీవితకాలపు పొదుపు కూడా. ఈ వివాదాల్లో ఉండే టెన్షన్ అంతా ఈ ఒక్క విషయంలో ఉంది.

రేవు యజమానుల వైపు మాట కూడా న్యాయంగా వినాలి. నీళ్లలో ఏదీ శాశ్వతం కాదు. గుంజలు తుప్పు పడతాయి, గొలుసులు అరుగుతాయి, నడిచే వంతెనలు ఊగుతాయి. పాతకాలపు కరెంటు లైన్ల మీద ఇప్పటి వాడకం పడితే మంటలు రేగవచ్చు. పడవకూ పడవకూ మధ్య ఖాళీ లేకపోతే ఒకదాని మంట పక్కదానికి అంటుకుంటుంది. మురుగును ట్యాంకులోంచి తోడి తీసుకెళ్లే ఏర్పాటు లేని రేవులు ఇంకా ఉన్నాయి. వీటిని బాగుచేయాలంటే ఖర్చవుతుంది, కొన్నిసార్లు నదీగర్భాన్ని తవ్వాలి, పడవలను కొంతకాలం పక్కకు తీయక తప్పదు. అదే పాత అద్దె మీద ఈ ఖర్చు రాదన్నది అబద్ధం కాదు. కాబట్టి పునర్నిర్మాణం వద్దనడం వాదనగా నిలబడదు. పని అయ్యాక ఎవరు తిరిగి వస్తారన్నదే తేలాల్సింది.

ఆ జవాబు చాలా ప్లాన్లలో కనిపించదు, లేదా కనిపించినట్టు ఉంటుంది. మూరింగ్ అద్దెను సాధారణంగా పడవ పొడవును బట్టి, మీటరుకు ఇంత అని వసూలు చేస్తారు. చిన్నవాటి బదులు పెద్దవి వస్తే, పాతవాటి బదులు కొత్తగా కట్టిన రెండంతస్తుల తేలే ఇళ్లు వస్తే, అదే నీటి మీద ఆదాయం ఎన్నో రెట్లవుతుంది. అందుకని లైసెన్సు షరతుల్లో పడవ నాణ్యత, రూపం, వయసు గురించి కొత్త గీతలు గీస్తారు. ప్రమాణాలు పెంచడం అనే మంచి మాట వెనక, ఉన్నవాళ్లలో ఎవరూ అందుకోలేని మెట్టు ఉంటుంది. అనుమతి దరఖాస్తులో మాత్రం ముందు ఎన్ని బెర్తులో, అంటే పడవలు నిలిపే చోట్లో, తర్వాతా అన్నే బెర్తులని రాస్తారు. అంకె అబద్ధం కాదు. కానీ ఆ బెర్తుల పొడవు ఎంత, లోతు ఎంత, అద్దె ఎంత, ఇప్పుడున్న పడవల్లో ఎన్ని అందులో సరిపోతాయి అన్నది ప్లానింగ్ అధికారి అడిగితే తప్ప బయటికి రాదు. అడిగే అలవాటు కూడా తక్కువే.

కొన్నిచోట్ల రేవు యజమాని పడవల పక్షానే ఉంటాడు, గొడవ ఒడ్డు మీది నుంచి వస్తుంది. లండన్‌లో టవర్ బ్రిడ్జికి కాస్త కిందగా, బెర్మండ్సీ ఒడ్డున డౌనింగ్స్ రోడ్స్ అనే పాత మూరింగ్ ఉంది. అక్కడ పాత బార్జ్‌ల పైకప్పుల మీద మట్టి పోసి చెట్లు పెంచారు. ఒక బార్జ్ నుంచి మరో బార్జ్‌కు నడిచే తోటలవి. 2000ల తొలి ఏళ్లలో సదర్క్ కౌన్సిల్ వీటిని తొలగించాలని చర్య మొదలుపెట్టింది. కొత్త ఫ్లాట్లలోకి వచ్చినవాళ్ల ఫిర్యాదులు దాని వెనక ఉన్నాయి. ప్లానింగ్ విచారణ దాకా వెళ్లింది, చివరికి పడవలే నిలిచాయి. అక్కడ వాళ్లకు కలిసొచ్చినవి రెండు. ఆ చోట పడవలు కట్టడం తరతరాలుగా ఉన్నదని చూపించగలిగారు, మూరింగ్ తమను వెళ్లగొట్టాలనుకునేవాళ్ల చేతిలో లేదు. ఈ రెండో అవకాశం చాలామందికి ఉండదు.

కాలుష్యం వాదన దాదాపు ప్రతి నగరంలో వస్తుంది. 1960ల్లో సియాటిల్‌లోని లేక్ యూనియన్ అనే సరస్సు మీద తేలే ఇళ్లను మురికికి మూలమని తిట్టారు. నిజమే, వాటి మురుగు నీళ్లలోకే పోయేది. అదే సమయంలో నగరం మురుగు కూడా అదే సరస్సులోకి పోయేది, ఇళ్ల వాటా దానిముందు ఎంతో చిన్నది. 1962లో ఏర్పడిన ఫ్లోటింగ్ హోమ్స్ అసోసియేషన్ ఆ సంగతి బయటపెట్టింది, అక్కడితో ఆగకుండా తమ ఇళ్లను మురుగు లైనుకు కలిపే పని కూడా చేయించింది. దాంతో ఎదుటివాళ్ల వాదన బలం పోయింది. అలాగని పర్యావరణం మాట ఎప్పుడూ సాకే అనుకోకూడదు. కాలిఫోర్నియాలో సాసలీటో పక్కనున్న రిచర్డ్‌సన్ బేలో లంగరు వేసి ఉండే పడవల గొలుసులు నీటి అడుగున గుండ్రంగా తిరుగుతూ ఈల్‌గ్రాస్ అనే గడ్డిని చెక్కేస్తాయి. చేపలకు, పక్షులకు ఆ గడ్డే ఆధారం. ఇది కంటికి కనిపించే నష్టం. కానీ దానికి పరిష్కారం గడ్డి లేని చోట సరైన మూరింగ్ చూపడం. మూరింగ్ చూపకుండా పడవను మాత్రమే తీసేస్తే గడ్డి బతుకుతుంది, ఆ మనిషి ఒడ్డున గుడారంలో చేరతాడు.

చేయగలిగినవి లేకపోలేదు. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం తేలే ఇళ్ల రేవులను మొబైల్ హోమ్ పార్కులతో కలిపి ఒకే చట్టంలో పెట్టింది. ఇంగ్లండ్ వదిలేసిన పని సరిగ్గా ఇదే. అక్కడ కారణం చూపకుండా వెళ్లగొట్టడం కుదరదు, రేవును మూసేస్తే చాలా ముందుగా నోటీసివ్వాలి, అమ్మకానికి పెడితే నివాసులు కలిసి కొనడానికి పోటీపడే అవకాశం ఇవ్వాలి. సియాటిల్ ఒక అడుగు ముందుకేసి దెబ్బతింది. యజమాని తన సొంత వాడకానికి ఖాళీ చేయించాలన్నా, ముందు నగరంలోనే మరో చోటు వెతికిపెట్టాలని నగరం నిబంధన పెట్టింది. 1983లో సియాటిల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు ఇది పరిహారం లేకుండా ఆస్తి లాక్కోవడమేనని కొట్టేసింది. ఖాళీ చోటే లేని నగరంలో అది జరగని పని అని కోర్టుకు తెలుసు. ఆ తర్వాత అక్కడివాళ్లు ఎక్కువగా నమ్ముకున్నది సహకార పద్ధతి. డాక్‌లో ఉన్న కుటుంబాలే కలిసి డాక్‌ను కొనేస్తే, చోటు పరాయిది అన్న మూల సమస్యే ఉండదు. ఖరీదైన దారే. ధరలు పెరగకముందు కొన్నవాళ్లకే అది అందింది.

ఆమ్‌స్టర్‌డామ్‌లో 2020 సెప్టెంబరులో గ్రిమ్‌బర్గ్‌వాల్ దగ్గర కాలువ గోడ కూలింది. నగరంలో దాదాపు 200 కిలోమీటర్ల గట్టు గోడలున్నాయి, వాటిలో చాలావాటిని తిరిగి కట్టాలి, వాటి వెంట వందలాది హౌస్‌బోట్లున్నాయి. పునర్నిర్మాణం అంటే ఇంతకన్నా పెద్దది ఉండదు. అయినా అక్కడ పడవలను తాత్కాలికంగా మార్చడానికి నగరమే వేరే బెర్తులు సిద్ధం చేస్తోంది. ఇబ్బందులు లేవని కాదు, తేదీలు తప్పుతాయి, కొందరికి పాత చోటే మళ్లీ దొరుకుతుందన్న నమ్మకం లేదు. కానీ పడవను ఎక్కడ పెట్టాలన్నది నివాసి ఒక్కడి తలనొప్పిగా వదిలేయలేదు. ఇంగ్లండ్‌లో 2016 నాటి హౌసింగ్ అండ్ ప్లానింగ్ చట్టం స్థానిక కౌన్సిళ్లను ఇళ్ల అవసరాలు లెక్కగట్టేటప్పుడు హౌస్‌బోట్లు కట్టే చోట్లను కూడా పరిశీలించమంది. లెక్కపెట్టమంది, అంతే. ఉన్న చోటు పోకుండా కాపాడమని అందులో లేదు.

కనీసం ఒక్క నియమమైనా వెంటనే పెట్టవచ్చు. పూర్తి అనుమతి, డబ్బు, పని మొదలయ్యే తేదీ చేతిలో లేకుండా ఒక్క పడవను కూడా కదిలించకూడదు. ఇది ఎందుకు ముఖ్యమో ఆక్స్‌ఫర్డ్ చూసినవాళ్లకు తెలుసు. జెరికో ప్రాంతంలో, కాలువ ఒడ్డున, కాజిల్ మిల్ బోట్‌యార్డ్ ఉండేది. నివాస పడవలు రిపేరు చేయించుకునే చోటది, పడవ అడుగు గీకి తారు పూయాలన్నా అక్కడికే వెళ్లేవాళ్లు. స్థలాన్ని ఇళ్ల కోసం అమ్మాలని 2006లో అక్కడివాళ్లను ఖాళీ చేయించి కంచె వేశారు. ఆ తర్వాత ఒక ప్లాన్ తిరస్కరించారు, ఇంకొకటి వచ్చింది, స్థలం చేతులు మారింది, మళ్లీ ప్లాన్లు, మళ్లీ అప్పీళ్లు. పదేళ్లు గడిచినా ఇళ్లు లేవలేదు. బోట్‌యార్డ్ లేదు, పడవలు రిపేరు కోసం ఊరు దాటి వెళ్లాయి, కంచె లోపల కలుపు మొక్కలు పెరిగాయి.